డెక్క పీకే ముందు లెక్క కట్టించండి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ: మీరు బడిలో జీవశాస్త్రం చెప్తారు. దగ్గర్లోని చెరువును గుర్రపుడెక్క, దాంతోపాటు పేరు తెలియని తేలే మొక్కలు ఇంకొన్ని కమ్మేస్తున్నాయి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ముప్ఫై మంది దాకా ఉత్సాహంగా ఉన్నారు. వాళ్లతో మొక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో పటం గీయించి, ఆ తర్వాత వాళ్ల చేతే తీయించాలనుకుంటున్నారు. ఏ యాప్ వాడాలి, పిల్లల్ని నీళ్లలోకి దించొచ్చా, ఇంతా చేస్తే ఫలితం ఉంటుందా అని అడిగారు.

నీటి మొక్కల సర్వేలు చేయడం మొదలుపెట్టి నాకు ఇరవై ఏళ్లు దాటింది. అందులో సగం కాలం విద్యార్థి బృందాలతోనే తిరిగాను. ఫలితం ఉంటుంది, కానీ మీరు అనుకుంటున్న చోట కాదు. పిల్లల చేతులకన్నా వాళ్ల కళ్లు ఎక్కువ పనికొస్తాయి. ఎందుకో చెప్పడానికి ముందు కాస్త లెక్క చేద్దాం, మీ లెక్కల మాస్టారిని కూడా కూర్చోబెట్టుకోండి.

గుర్రపుడెక్క ఎండా, పోషకాలూ బాగా దొరికిన నీటిలో సుమారు రెండు వారాలకు రెట్టింపవుతుంది. ఒక చదరపు మీటరు ముక్కతో మొదలుపెడితే పన్నెండు రెట్టింపుల్లో, అంటే 24 వారాల్లో 4,096 చదరపు మీటర్లు. ఎకరం అంటే 4,047. ఒక బల్లంత చోటు ఆరు నెలలు తిరక్కుండానే ఎకరం అవుతుందన్నమాట. ఇప్పుడు తిరగేసి చూడండి. మీ బృందం చెమటోడ్చి పదింట తొమ్మిది వంతులు తీసేసింది అనుకుందాం. మిగిలిన ఒక వంతు మళ్లీ పది వంతులు కావడానికి మూడు రెట్టింపులు పైన కొంచెం చాలు. ఏడు వారాలు! పిల్లల పరీక్షలు అయ్యేలోపు చెరువు మొదటికొస్తుంది.

ఇక బరువు. దట్టంగా అల్లుకున్న చోట చదరపు మీటరుకు పాతిక కిలోలు తూగడం మామూలే, అందులో తొంభై శాతం పైగా నీరే. ఎకరానికి వంద టన్నులు. ఒక్కో పిల్లవాడు రోజుకి రెండు వందల కిలోలు ఒడ్డుకు లాగినా (నేనైతే అంత లాగనివ్వను) ముప్ఫై మంది కలిసి ఆరు టన్నులు. ఒక్క ఎకరానికే పదిహేడు రోజులు, అదీ మొక్క ఈ లోపు పెరగకుండా మర్యాదగా ఆగితే.

ఒక్కరోజు శ్రమదానం మీద నాకు నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే. చేతికి తొడుగులు, బ్యానరు, ఫోటోలు, సాయంత్రానికి గట్టు మీద పచ్చటి కుప్ప. నేను కూడా అలాంటివి చేయించాను. మొదట్లో చేసిన ఒకదాంట్లో కుప్పని నీటి అంచుకి నాలుగడుగుల దూరంలోనే వదిలేసి వచ్చాం. రెండో రాత్రి వాన పడింది. కుప్పలో సగం మళ్లీ నీళ్లలోకి జారింది. పోయింది పోగా, కుప్పలో నలిగి విడిపోయిన పిలకలు కూడా దేనికది కొత్త మొక్క అయ్యాయి. మేం వెళ్లకపోయినా ఆ చెరువు అంతే ఉండేదేమో, మేం వెళ్లాం గనక ఇంకో రెండు మూలలకి పాకింది.

అలాగని పిల్లలు మొక్క పీకకూడదని నేననను. ఎక్కడ పీకితే ఫలితం ఉంటుందో పటం చెప్పాలి, ఆ పటం గీయగలిగేది మీ పిల్లలే. చెరువు బాగోగులు చూసే అధికారులకు ఏడాదికి ఒకసారి వచ్చి చూసే తీరిక ఉంటే గొప్ప. నాలాంటివాళ్లం మహా అయితే రెండుసార్లు వస్తాం. మీ పిల్లలు పక్షానికోసారి అదే చోట నిలబడి అదే నీటిని చూడగలరు. ఈ సమస్యలో అన్నిటికన్నా కరువైనది ఆ చూపే.

ముందు మొక్కల్ని గుర్తుపట్టడం నేర్పండి. దీనికి తొందరపడొద్దు, రెండు మూడు పీరియడ్లు పోయినా పర్లేదు. పేరు తప్పితే ఏం జరుగుతుందో చెప్పడానికి సాల్వీనియా కథ కన్నా మంచిది నాకు తెలియదు. బ్రెజిల్ నుంచి బయల్దేరి ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా జలాశయాలను కప్పేసిన తేలే ఫెర్న్ అది. చాలాకాలం దాన్ని సాల్వీనియా ఆరిక్యులేటా అనే వేరే జాతి అనుకున్నారు. ఆ పొరపాటు జాతి మీద బతికే పురుగుల్ని దక్షిణ అమెరికా నుంచి తెచ్చి వదిలారు, అవి ఈ మొక్కను అదుపు చేయలేకపోయాయి. 1972లో ఇది వేరే జాతి అని తేల్చి సాల్వీనియా మొలెస్టా అని పేరు పెట్టారు. దాని అసలు పుట్టిల్లు ఆగ్నేయ బ్రెజిల్‌లో ఉందని 1978లో కనుక్కున్నారు. అక్కడ దాన్ని తింటూ బతుకుతున్న రెండు మిల్లీమీటర్ల ముక్కుపురుగును తెచ్చి 1980లో ఆస్ట్రేలియాలోని మూన్‌డారా సరస్సులో వదిలితే, ఏడాదికి కాస్త అటూ ఇటూగా వేల టన్నుల సాల్వీనియా కుళ్లి మునిగిపోయింది. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ పురుగును కూడా మొదట పాత జాతే అనుకున్నారు. అది కొత్త జాతి అని, సిర్టోబేగస్ సాల్వినియే అని పేరు పెట్టింది 1985లో, అంటే అది పని పూర్తిచేసేసిన నాలుగేళ్లకి! (కేరళలో ఈ మొక్కను ఆఫ్రికన్ పాయల్ అంటారు. పుట్టింది బ్రెజిల్‌లో, నింద మాత్రం ఆఫ్రికా మీద.)

ఈ కథ చెప్పాక పిల్లల చేతికి భూతద్దం ఇచ్చి సాల్వీనియా ఆకు పైభాగం చూపించండి. నూగు వెంట్రుకల కొసలు ఒకదానికొకటి అతుక్కుని, గుడ్లు గిలక్కొట్టే కవ్వం ఆకారంలో కనిపిస్తాయి. ఆ కవ్వాన్ని ఒక్కసారి చూసిన పిల్లలు జన్మలో మర్చిపోరు.

గుర్రపుడెక్కలో ఒక మోసం ఉంది. పుస్తకంలో బొమ్మ చూసి అందరూ కాడ మధ్య ఉబ్బిన బుడ్డ కోసం వెతుకుతారు. విడిగా, అంచుల్లో తేలే మొక్కలకు ఆ బుడ్డ ఉంటుంది. గుంపు మధ్యలో ఇరుకుగా పెరిగినవాటికి కాడలు మూరెడు పొడవు సాగి, బుడ్డే ఉండదు. ఒక బృందం ఈ తేడా తెలియక చెరువు నడుమ ఉన్న మొక్కను 'గుర్తు తెలియని కొత్త జాతి' అని రాసుకొచ్చింది. అంచుల్లో, నడుమలో రెండు చోట్లా తీసిన మొక్కల్ని పక్కపక్కన పెట్టి చూపిస్తే సరిపోతుంది. అంతరతామరను గుర్తుపట్టడం తేలిక, కాడ ఉండదు, మఖమల్ లాంటి ఆకులు చిన్న క్యాబేజీలా విచ్చుకుని ఉంటాయి.

నీటి లోపల పెరిగేవి కష్టం. హైడ్రిల్లాలో కణుపు చుట్టూ నాలుగు నుంచి ఎనిమిది ఆకులుంటాయి, అంచులు చేతికి గరగరలాడతాయి. దాన్ని పోలిన ఎలోడియాలో మామూలుగా మూడే ఆకులు, నునుపుగా. పేరు తెలుసుకోవడంతో పని అయిపోదు, అది ఆ నేలకు పరాయిదా కాదా అన్నది వేరే ప్రశ్న. హైడ్రిల్లా ఆసియాలో ఎప్పటినుంచో ఉన్న మొక్క, అక్కడ చేపపిల్లలకు నీడ. అదే హైడ్రిల్లా 1950లలో అక్వేరియం వ్యాపారంతో ఫ్లోరిడా చేరి అక్కడి కాలువలకూ సరస్సులకూ శాపమైంది. మీ ప్రాంతపు సొంత మొక్కల జాబితా దగ్గర పెట్టుకోకుండా 'పచ్చగా ఉన్నదంతా కలుపే' అని బయల్దేరితే తామర, కలువ, వాటి కింద బతికే జీవాలు అన్నీ పోతాయి. అనుమానం వస్తే పీకొద్దు. ఆకు పైన, కింద, పువ్వు, వేరు నాలుగు ఫోటోలు తీసి, పక్కన స్కేలు పెట్టి, తెలిసినవాళ్లకి పంపండి.

ఇప్పుడు పటం. పిల్లల్ని చెరువు దగ్గరకి తీసుకెళ్లి 'ఎక్కడెక్కడ డెక్క ఉందో గుర్తుపెట్టండి' అంటే ఏమవుతుందో చెప్తాను. అందరూ డెక్క ఎక్కువున్న చోటికే పోతారు. యాభై పాయింట్లు వస్తాయి, యాభైలోనూ డెక్క. ఆ పటం చూసి చెరువు నిండిపోయిందో, ఒక మూలే నిండిందో చెప్పలేం. ముందే పాయింట్లు ఖాయం చేసి, అక్కడ ఏమున్నా లేకపోయినా వెళ్లి చూడాలి. లేకపోతే సున్నా రాయాలి. పిల్లలకి సున్నా రాయడం నచ్చదు, వచ్చిన పని కానట్టు మొహం పెడతారు. వచ్చే నెల ఆ సున్నా ఒకటి అయినప్పుడు, మొక్క ఫలానా పదిహేను రోజుల మధ్యలో ఇక్కడికి చేరిందని చెప్పగలిగేది ఆ సున్నా వల్లే. నా దగ్గర పనిచేసిన పిల్లలకి సున్నాలు ఎక్కువ తెచ్చిన బృందాన్నే ముందు మెచ్చుకునేవాణ్ణి.

చిన్న చెరువైతే గట్టు పొడవునా ప్రతి యాభై అడుగులకో పాయింటు చాలు. ఒక రాయికి రంగు వేసి నంబరు రాయండి. పడవ, దాన్ని నడిపే అనుభవజ్ఞుడు, అందరికీ లైఫ్ జాకెట్లు ఉంటే నీటి మీద కూడా గళ్లుగా పాయింట్లు పెట్టుకోవచ్చు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం సరస్సుల్లో ఈ గళ్ల పద్ధతినే వాడతారు. నీటి లోపలి మొక్కలకి, ఎండుటాకులు పోగుచేసే పళ్లచువ్వలు (రేక్) ఉంటాయే, అలాంటి రెండింటి తలల్ని వీపుకి వీపు ఆనించి కట్టి, తాడుకి తగిలించి విసరాలి. అది అడుక్కి తగిలాక కొద్దిగా ఈడ్చి పైకి లాగితే పళ్లకి చిక్కినదాన్ని బట్టి మార్కులు. ఏమీ రాకపోతే సున్నా, నాలుగు పోగులొస్తే ఒకటి, పళ్లు చాలావరకు మూసుకుపోతే రెండు, పళ్లే కనబడకుండా పొర్లితే మూడు. దీనికన్నా సూక్ష్మంగా ఐదు, పది మెట్లు పెట్టొద్దు, ఎవరికి తోచిన అంకె వాళ్లు వేస్తారు. లాగినప్పుడు తెగిన ముక్కల్ని తిరిగి నీటిలో వేయకూడదు, బకెట్‌లో వేసుకుని రావాలి. హైడ్రిల్లా, మిల్‌ఫాయిల్ లాంటివి ముక్క నుంచే మళ్లీ మొలుస్తాయి.

తేలే మొక్కలకి ప్లాస్టిక్ గొట్టాలతో మీటరు చదరం చట్రం చేసుకోండి, కొసలు మూసేస్తే అది తేలుతుంది. అందులోపల ఎన్ని మొక్కలు, ఎంత ఎత్తు, పూత ఉందా, ఎంత భాగం కప్పింది అన్నవి రాయాలి. నెలకోసారి ఒక చట్రం నిండా తీసి, ఐదు నిమిషాలు నీరు ఓడనిచ్చి తూచండి. నేను పైన చెప్పిన పాతిక కిలోలు మీ చెరువులో పదిహేనో, ముప్ఫయ్యో మీకే తెలుస్తుంది. నా అంకెను నమ్మి పటం కింద రాసేయొద్దు.

గాలి సంగతి చాలామంది మర్చిపోతారు. మేము ఒకసారి పొద్దున తూర్పు గట్టు, మధ్యాహ్నం పడమటి గట్టు కొలిచాం. రెండువైపులా దట్టంగా ఉందని రాసుకున్నాం. తీరా చూస్తే పొద్దున తూర్పున ఉన్న తెట్టే గాలికి కొట్టుకొచ్చి పడమర చేరింది. అదే డెక్కని రెండుసార్లు లెక్కపెట్టి పెద్ద మనుషుల్లా నివేదిక ఇచ్చాం. అప్పట్నుంచీ ప్రతి పాయింటు పక్కన గంట, గాలి వీచే దిక్కు రాయకుండా ఏ కాగితమూ తీసుకోను. చెరువు చిన్నదైతే నాలుగు బృందాలు నాలుగు వైపుల నుంచి ఒకేసారి మొదలుపెట్టడం మేలు.

ఇంకో అలవాటు కూడా చేయండి. ప్రతిసారీ పదింట ఒక పాయింటును రెండు బృందాలు, ఒకరి కాగితం ఒకరు చూడకుండా, విడివిడిగా కొలవాలి. ఒకళ్లు రెండు, ఒకళ్లు మూడు అంటే గొడవలేదు. ఒకళ్లు సున్నా, ఒకళ్లు మూడు అంటే ఎవరో వేరే చోట నిలబడ్డారు. ఈ తేడాల పట్టికను పటంతో పాటే ఇవ్వండి. 'పిల్లలు చేసిన లెక్కలా?' అని నొసలు చిట్లించే అధికారి ముందు పెట్టడానికి మీకున్న గట్టి కాగితం అదే. చాలా కాంట్రాక్టు సర్వేల్లో అలాంటి పట్టిక ఉండదు.

యాప్ దగ్గరకొద్దాం. మీ దగ్గర ఏది ఉంటే అది. 2008లో మొదలైన ఐనాచురలిస్ట్ మొక్కల్ని గుర్తించడానికి, ఇతరులతో సరిచూసుకోవడానికి బాగుంటుంది, కానీ అందులో సున్నా రాయడానికి చోటు లేదు. అందుకని అసలు లెక్క మాత్రం కాగితం మీదా, తర్వాత ఎక్సెల్ షీట్‌లోనూ ఉండాలి. ఫోన్ జీపీఎస్ ఆరుబయట మూడు నుంచి ఐదు మీటర్ల తేడాతో చెప్తుంది, ఈ పనికి చాలు. అక్షాంశ రేఖాంశాలు దశాంశాల్లో రాయించండి. చుక్క తర్వాత నాలుగు అంకెలంటే సుమారు పదకొండు మీటర్లు, ఐదు అంకెలంటే సుమారు ఒక మీటరు. అక్షాంశం చోట రేఖాంశం రాసి తారుమారు చేయకుండా చూడండి. ఒకసారి అలా తారుమారై మా చెరువు ఆర్కిటిక్ మంచులో తేలింది. పటం గీయడానికి క్యూజీఐఎస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఉచితం.

ఉపగ్రహ చిత్రాలు కూడా ఉచితమే. సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు ఐదు రోజులకోసారి అదే చోటిని చూస్తాయి, చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద పది మీటర్లు. మబ్బు లేని రోజు చిత్రం తీస్తే పెద్ద తెట్టులు స్పష్టంగా కనిపిస్తాయి. ఇంట్లో కూర్చునే పని అయిపోతుందని సంబరపడకండి. పది మీటర్ల చుక్కలో బల్లంత కొత్త గుంపు కనబడదు, మనం పట్టుకోవాల్సింది సరిగ్గా దాన్నే. పైగా గుర్రపుడెక్కకీ, చిక్కటి నాచు తెట్టుకీ పైనుంచి తేడా తెలియడం కష్టం. పైనుంచి చూసినదాన్ని నేల మీద నిజమో కాదో చెప్పడానికి మీ పిల్లల పాయింట్లే ఆధారం. పాత చిత్రాలు తీసి 2016 నుంచి ఏడాదికొకటి వరసగా పెట్టించండి. మొక్క మొదట ఏ మూల కనిపించిందో చూసినప్పుడు తరగతి గదిలో నిశ్శబ్దం వస్తుంది. చాలాసార్లు అది మురుగునీటి కాలువ కలిసే మూలే అయి ఉంటుంది.

ఆ మూల గురించి ఇంకొంచెం చెప్పాలి. డెక్క చెరువుకి పట్టిన జబ్బు అనుకుంటాం గానీ, చాలా చోట్ల అది జ్వరం లాంటిది. అసలు జబ్బు నీటిలో కలుస్తున్న నత్రజని, భాస్వరం. విక్టోరియా సరస్సునే తీసుకోండి. 1998 ప్రాంతంలో అక్కడ గుర్రపుడెక్క దాదాపు ఇరవై వేల హెక్టార్లు కప్పింది, ఓడలు కదల్లేదు. 1990ల నడుమ నుంచి వదిలిన, గుర్రపుడెక్కను తినే నియోకెటినా ముక్కుపురుగులూ, ఆ ఏళ్ల వాతావరణమూ కలిసి అది కూలిపోయింది. ఎవరి వాటా ఎంత అన్నది ఇప్పటికీ వాదనే. కానీ కెన్యా వైపు వినమ్ అఖాతంలో కొన్నేళ్లకే మళ్లీ విజృంభించింది, చుట్టూ పొలాల నుంచీ ఊళ్ల నుంచీ పోషకాలు అలాగే వస్తున్నాయి మరి. అందుకే చెరువులోకి నీరు వచ్చే ప్రతి కాలువనీ పటం మీద గీయించండి, వాన పడిన మర్నాడు ఒకసారి వెళ్లి ఏది ఎంత మురికిగా ఉందో చూడమనండి. నీటి స్పష్టత కొలవడానికి ఇరవై సెంటీమీటర్ల నలుపు తెలుపు పళ్లేన్ని తాడుతో దించి, కనుమరుగైన లోతు రాస్తే చాలు. ఇటలీకి చెందిన ఏంజెలో సెక్కి అనే మతగురువు 1865లో మొదలుపెట్టిన పద్ధతి, ఇప్పటికీ దానికి రిటైర్మెంటు లేదు.

ఇక తొలగింపు. మూడు నాలుగు విడతల పటాలు చేతికొచ్చాక చెరువు మూడు భాగాలుగా విడిపోయి కనిపిస్తుంది. ఒకటి, ఇంకా ఏమీ లేని చోట్లు. రెండు, ఇప్పుడిప్పుడే చిన్న గుంపులుగా వచ్చిన చోట్లు. మూడు, దట్టంగా నిండిన చోట్లు. పిల్లల శ్రమంతా రెండో భాగానికే పెట్టండి. దట్టమైన చోట యంత్రాలు కావాలి, అది చెరువు యాజమాన్యం పని. అక్కడి నుంచి విడివడి తేలి వచ్చేవాటిని ఆపడానికి ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు కట్టిన తాడును అడ్డంగా వేయించమని అడగొచ్చు. చిన్న గుంపుల్ని పూత రాకముందే తీయాలి. పువ్వు వాడాక కాడ వంగి నీటిలోకి దిగుతుంది, గింజలు అడుక్కి చేరి ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. నీరు తగ్గి బురద తేలిన ఏడాది అవి మొలకెత్తుతాయి. కాబట్టి 'చెరువు ఎండింది, పీడ విరగడైంది' అని నిట్టూర్చినవాళ్లు తర్వాత నాలుక్కరుచుకుంటారు.

చేత్తో తీయడం పూర్తిగా ఫలించే మొక్కలూ ఉన్నాయి, అవి సాధారణంగా ఏడాది ఆయుష్షు ఉన్నవి. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ట్రాపా నేటన్స్ అనే ముళ్లకాయల మొక్కను స్వచ్ఛంద సేవకులు కాయ రాలకముందే ఏటేటా పీకుతారు. కాయలు బురదలో పన్నెండేళ్ల దాకా బతకగలవు గనక ఏటా తిరిగి రావాల్సిందే. అలా వదలకుండా తిరిగిన చోట అది తగ్గుతూ వచ్చింది. ఒక ఏడు మానేస్తే పాత కష్టమంతా వృథా. మొక్క ఆయుష్షు, అది గింజతో వ్యాపిస్తుందా ముక్కతోనా అన్నది తెలియకుండా పీకడానికి తేదీ పెట్టొద్దని చెప్పడానికే ఇదంతా.

తీసినదాన్ని గట్టు అవతలి వాలుకి, వాన నీరు చెరువులోకి తిరిగి రాని వైపుకి మోయండి. పలచగా పరిచి ఎండబెడితే కొండంత కుప్ప చాపంత అవుతుంది. ఎరువు చేయొచ్చా అని అందరూ అడుగుతారు. చెరువులోకి పరిశ్రమల నీరు రాదని తేలితే చేయొచ్చు. గుర్రపుడెక్క వేర్లు సీసం, కాడ్మియం లాంటి లోహాలను పీల్చుకుని దాచుకుంటాయి. పరీక్ష చేయించకుండా కూరగాయల మడికి గానీ పశువులకి గానీ వేయొద్దు.

మందు కొట్టడం పిల్లల పని కాదు, వాళ్లు ఉన్నచోట ఎవరూ కొట్టకూడదు కూడా. ఒకేసారి ఎకరాలకొద్దీ చచ్చి కుళ్లితే నీటిలో ఆక్సిజన్ పడిపోయి చేపలు తేలతాయి. ఆ మర్నాడు తప్పు మీ బడి మీదికొస్తుంది.

పురుగులతో అదుపు చేయడంలో మాత్రం పిల్లలకి మంచి పాత్ర ఉంది. నియోకెటినా పురుగుల్ని ఉష్ణమండల దేశాల్లో చాలాచోట్ల ఎప్పుడో వదిలారు, భారతదేశంలో 1980ల తొలినాళ్లలోనే. మీ చెరువులో అవి ఇప్పటికే ఉండొచ్చు. పగలు కాడల మొదట్లో దాక్కుంటాయి గనక కనబడవు, కానీ ఆకు మీద గీరిన చిన్న చిన్న మచ్చలు వదులుతాయి. ప్రతి పాయింటులో పది మొక్కలు తీసుకుని, లేత ఆకు వదిలేసి దాని పక్క ఆకు మీద మచ్చలెన్నో లెక్కపెట్టించండి. ఇది తొమ్మిదో తరగతి పిల్లలు నాకన్నా బాగా చేస్తారు, నాకు కళ్లద్దాలు మార్చుకోవాలి. మచ్చలు పెరుగుతూ మొక్క పొట్టిబడుతుంటే, అక్కడ యంత్రంతో ఊడ్చేస్తే పురుగులూ పోతాయని అధికారులకు చెప్పడానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది. పాపువా న్యూగినీలోని సెపిక్ నదిలో సాల్వీనియా పురుగు మొదట నిలదొక్కుకోలేదు. మొక్కలో నత్రజని తక్కువై పురుగులు సరిగా పెరగలేదు. కలుపు మొక్కకి యూరియా వేసి, పురుగుకి బలం వచ్చాక అది మొక్కను మింగేసింది! లెక్కపెట్టేవాళ్లు లేకపోతే కలుపుకి ఎరువు వేయాలన్న ఆలోచన ఎవరికొస్తుంది? అమెరికాలో మిషిగన్, విస్కాన్సిన్ బడుల్లో పిల్లలు చిత్తడి నేలల్ని ఆక్రమించిన పర్పుల్ లూస్‌స్ట్రైఫ్ మీద బతికే గెలెరుసెల్లా పురుగుల్ని కుండీల్లో పెంచి వదిలారు. అది అనుమతి పొందిన పురుగు, పక్కన శాస్త్రవేత్తలున్నారు. అలాంటి అండ లేకుండా ఒక చెరువు పురుగుని ఇంకో చెరువుకి మోయనివ్వకండి. 1910లో లూసియానాకి చెందిన ఒక సభ్యుడు గుర్రపుడెక్క తినడానికి ఆఫ్రికా నుంచి నీటి ఏనుగుల్ని దింపుకుందామని అమెరికా చట్టసభలో బిల్లే పెట్టాడు. అది ఆమోదం పొందలేదు, బతికిపోయారు.

జాగ్రత్తల విషయంలో నేను మొండివాణ్ణి. తెట్టు మీద కాలు పెట్టకూడదు, దాని కింద ఎంత లోతో ఎవరికీ కనబడదు, వేర్లు కాళ్లకి చుట్టుకుంటాయి. మోకాలు మించి నీటిలోకి ఏ పిల్లవాడూ దిగకూడదు, పెద్దవాళ్లు పక్కన లేకుండా అదీ వద్దు. పాములుంటాయి, కాబట్టి చేత్తో కాదు, పొడవాటి కొంకి కర్రతో లాగాలి. చేతికో కాలికో గాయం ఉన్నవాళ్లకి కాగితం, పెన్ను పని. నీటి మీద పెయింటు పోసినట్టు ఆకుపచ్చ పొర ఉంటే ఆ రోజు గట్టు మీద నుంచే చూసి వచ్చేయండి, కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు విషాన్ని విడుదల చేస్తాయి. తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం, చెరువు యాజమాన్యం అనుమతి ముందే తీసుకోండి. చేపలు పట్టేవాళ్లతో మొదటి రోజే మాట్లాడండి. మొక్క ఎప్పుడొచ్చిందో, ఏ గాలికి ఎటు పోతుందో వాళ్లకి తెలిసినంత ఏ ఉపగ్రహానికీ తెలియదు. వాళ్ల వలలకి మీ పిల్లలు అడ్డు రాకుండా వేళలు కూడా వాళ్లనే అడగండి.

పాయింట్లు తిరిగేటప్పుడు ఏమీ లేని చోట్లు ముందు, దట్టమైనవి చివర, ఈ వరస తప్పొద్దు. లేకపోతే చెప్పులకీ పళ్లచువ్వకీ అంటుకున్న ముక్కల్ని మనమే మోసి నాటినట్టవుతుంది. ఇంటికెళ్లే ముందు సామానంతా తనిఖీ చేసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. ఇంకో చెరువుకి వెళ్లాలంటే కనీసం ఐదు రోజులు ఆరనివ్వండి.

ఒక్క చిక్కు మిగిలింది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పదో తరగతి పిల్లలు ఏడాది తిరిగేసరికి వెళ్లిపోతారు, వాళ్లతో పాటే నేర్పూ వెళ్లిపోతుంది. నేను చూసిన బృందాల్లో సగం రెండో ఏడు ఆగిపోయింది ఇందువల్లే. కొంత పనిచేసిన ఉపాయం ఏమిటంటే, ప్రతి బృందంలో ఇద్దరు ఎనిమిదో తరగతి పిల్లల్ని పెట్టడం, పాయింట్ల చిరునామాలూ మార్కుల పద్ధతీ తప్పులూ అన్నీ ఒకే లావుపాటి నోటుబుక్కులో రాయించి అది బడిలోనే ఉంచడం. గాలికి రెండుసార్లు లెక్కపెట్టిన కథ మా నోటుబుక్కులో మొదటి పేజీలో ఉంది.

మొదటి సర్వేకి వెళ్లే ముందు చెరువు విస్తీర్ణం, గట్టు చుట్టుకొలత, నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో ఒక చిత్తు బొమ్మ ఇక్కడ పెట్టండి. ఎన్ని పాయింట్లు, ఎంతెంత దూరంలో పెట్టాలో చూసి చెప్తాను. గుర్తు తెలియని ఆ మిగతా మొక్కల ఫోటోలు కూడా పెట్టండి, ఆకు వెనకవైపు మర్చిపోకుండా.